ఎడమ తలుపు

వెర్నీస్ వచ్చి బూట్ల డబ్బా ఒకటి చేతిలో పెట్టింది.
"నాన్న బల్ల కింద దొరికింది, మీకనే అనుకుంటా."
మూత మీద పెన్సిల్‌తో నా పేరు, స్టాష్,
ఆ రెండక్షరాల్లోనూ ఒకటి తప్పు.
లూథర్ రాతే, సందేహం లేదు.

లోపల అరవై మూడు ఇంపాలా,
ఇరవై అయిదో వంతు.
జానెడు కూడా లేదు.

ఈ కిట్లలో తలుపులు తెరుచుకోవు.
పోత పోసినప్పుడే ఒంటికి అంటుకుని పుడతాయి,
తలుపున్నట్టు గీత మాత్రం ఉంటుంది.
తెరవాలంటే కత్తి వీపుతో
ఆ గీతనే పట్టుకుని గీకాలి
నూరుసార్లు, నూట యాభై సార్లు.
వెల్లుల్లి పొట్టులా ప్లాస్టిక్ లేస్తుంది.
తొందరపడ్డావా, కత్తి జారి
బానెట్ దాకా గాటు.

లూథర్ కుడి తలుపు కోశాడు.
ఎడమది ముట్టుకోలేదు.

ఫ్లింట్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు
లైనుకి అతను అటు, నేను ఇటు.
కుడి తలుపు అతనిది, ఎడమది నాది.
మధ్యలో నిమిషానికొక కారు
సీట్లు లేకుండా, అద్దాలు లేకుండా
నడిచి వెళ్ళిపోయేది.
ఆ ఖాళీ కిటికీల్లోంచే మా స్నేహమంతా.
ఒక్కో జోకు మూడు కార్ల పొడవు,
కొసమెరుపు నాలుగోదాంట్లో,
అదీ గాలి తుపాకుల మోతలో సగమే.
వాళ్ళమ్మ పోయిన సంగతి
ఒక స్టేషన్ వ్యాగన్ లోంచి చెప్పాడు.
నేనేమనాలో తేల్చుకునేలోగా
బండి వెళ్ళిపోయింది.
తర్వాతి బండిలోంచి తలూపాను.

వాళ్ళింటికి నేను వెళ్ళలేదు, మా ఇంటికి అతను రాలేదు.
నదికి ఇవతల మేము, అవతల వాళ్ళు.
ఎండాకాలం మోకాళ్ళు తడవవు ఆ నదిలో.
ఆ రోజుల్లో దాటడానికి మాత్రం
చాలా పెద్ద నది.

ఆఖరి శుక్రవారం ఏదో మొదలెట్టాడు,
"మా అలబామాలో ఒకడికి కంచరగాడిద ఉండేది..."
సైరన్ మోగింది. లైను ఆగింది.
ఆ గాడిద ఏమైందో ఇప్పటికీ తెలీదు.
వెర్నీస్‌నీ అడిగాను, ఆమెకీ తెలీదు.

డబ్బాలో ఇంకా ఏవో ఉన్నాయి:
ప్లగ్గు వైర్లకని కత్తిరించిన ఎర్ర కుట్టుదారం,
నేలకి తివాచీ పొడి, చిన్న సీసాలో.
రంగు అతనే వేసేశాడు, ఏ కంపెనీ వేయని రంగు,
పండిన రేగుపండులో కాస్త మెరుపు కలిసినట్టు.
ఇదెక్కడిది అంటే వెర్నీస్ నవ్వింది.
"నా గోళ్ళరంగు. తొమ్మిదో తరగతిలో పోయింది సీసా.
తమ్ముణ్ణి కొట్టాను దానికోసం."

నాకు పదకొండు రాత్రులు పట్టింది.
చెయ్యి వణుకుతుంది, అందుకని
ఊపిరి వదిలి, మళ్ళీ పీల్చేలోపు ఒక గీకు.
బేస్‌మెంట్‌లో బాయిలర్ చప్పుడు,
పైన మా ఆవిడ అడుగులు.
గిటారు తీగ వంచి మడతబందు చేశాను.
ఎన్ని వేల తలుపులు బిగించానో లెక్కలేదు గానీ
ఒక తలుపు చేయడం ఇదే మొదలు.
ఒక కారు పూర్తికావడం చూడటమూ ఇదే.

వెంట్రుకవాసి కిందికి వాలింది.
అక్కడైతే రబ్బరు సుత్తితో ఒక దెబ్బ,
మాట వినకపోతే మోకాలు.
గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు,
మేము గోటితో పోయేదానికీ సుత్తే ఎత్తేవాళ్ళం.
ఇరవై అయిదో వంతు సుత్తి ఎక్కడ దొరుకుతుంది?
చూపుడు వేలి గోటితో ఎత్తి చూశాను.
ఎత్తితే లేస్తుంది, వదిలితే వాలుతుంది.

రెండు తలుపులూ తెరిచి
గడ్డం బల్లకానించి ఇటునుంచి చూశాను.
అటు వాషింగ్ మెషిన్,
దాని మీద జత తప్పిన మేజోడు ఒకటి.

ఆ వాలు అలాగే వదిలేశాను.
తలుపు తగిలించడం వరకే నా పని.
తప్పులు పట్టేవాళ్ళు
ముందు గేటు దగ్గర వేరే ఉండేవాళ్ళు.